అమ్మమ్మ గురి, సినిమా గురి

2020 మేడారం జాతరలో గద్దెల దర్శనం అయ్యాక మా అమ్మమ్మ బుగ్గలు కొట్టే దుకాణం ముందు ఆగిపోయింది. ముందురోజు సమ్మక్కను చిలకలగుట్ట నుంచి తెస్తూ పోలీసులు గాల్లోకి కాల్పులు జరిపితే చెవులు మూసుకున్న మనిషే. డెబ్భై ఏళ్ళలో తుపాకి పట్టడం అదే మొదలు. దుకాణం పిల్లాడు తొందరపెడితే "ఆగు బిడ్డా, మంచిగ సూడనీ" అంది. మూడు గుళ్ళు వృథా. నాలుగో దానికి బుగ్గ పగిలింది. వెంటనే నా వైపు చెయ్యి చాపి, "ఇంకో ఇరవై రూపాలియ్యి" అంది.

అప్పటికి కొద్ది నెలల ముందే 'సాండ్ కీ ఆంఖ్' (2019) చూశాను. అరవై దాటాక పిస్టల్ పట్టి పతకాలు గెలిచిన ఉత్తరప్రదేశ్ తోడికోడళ్ళు చంద్రో తోమర్, ప్రకాశీ తోమర్‌ల కథ. ముసుగుల గురించి, మగవాళ్ళ పెత్తనం గురించి సినిమా చెప్పింది నిజమే. నా పేచీ వేరే.

ఎయిర్ పిస్టల్‌లో పది మీటర్ల దూరాన పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. ఒంటి చేత్తో కాల్చాలి. ఎంత గొప్ప షూటర్‌కైనా చెయ్యి కాస్త ఊగుతుంది. ఆ ఊగడాన్ని ఒప్పుకుని, కుదుపు లేకుండా ట్రిగ్గర్ నొక్కాలి. వయసు ఇక్కడ పూర్తిగా శత్రువు కాదు. జార్జియాకు చెందిన నీనో సలుక్వాద్జే 1988 సోల్‌లో స్వర్ణం గెలిచినప్పుడు ఆమెకు 19. 2024 పారిస్‌లో తన పదో ఒలింపిక్స్‌కు దిగినప్పుడు 55.

ఇంత మంచి వస్తువు చేతిలో ఉండి, దర్శకుడు తుషార్ హీరానందానీ ఆ వేషాలు ముప్ఫైల్లో ఉన్న తాప్సీకి, భూమి పెడ్నేకర్‌కి ఇచ్చాడు. ('ఝుమ్మంది నాదం' తాప్సీయే. నెరిసిన జుట్టు కింద కూడా నాకు ఆ అమ్మాయే కనబడింది.) ముడతలు మేకప్‌లో ఉన్నాయి, మణికట్టులో లేవు. పోటీలు చాలావరకు చప్పట్లలో కొట్టుకుపోతాయి. ఊపిరి బిగబట్టిన ఆ రెండు క్షణాలు ముసలి చేతికి ఎలా ఉంటాయో కెమెరా ఓపిగ్గా చూడదు.

ఇంకో ఇబ్బంది. ఈ సినిమాలో ముసలావిడ ఆట ఆడాలంటే కారణం కావాలి: మనవరాళ్ళ భవిష్యత్తు, ఊరి మార్పు. ఉండొచ్చు. కానీ ఊరికే బాగుంది కాబట్టి కాల్చే హక్కు ఆమెకు లేదా? పాతికేళ్ళ కుర్రాడి గురించి తీస్తే ఈ సంజాయిషీ ఎవరూ అడగరు.

2022 జాతరకు బయల్దేరేటప్పుడు అమ్మమ్మ బంగారం కంటే ముందు చిల్లర సర్దుకుంది.