పదిహేడు సెకన్ల చూపు

ఈ వారం ఒక సభలో వక్తగారు మ్యూజియానికొచ్చే జనాన్ని తిట్టిపోశారు. ఆధారం జెఫ్రీ స్మిత్, లీసా స్మిత్‌ల పరిశోధన. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఆరు గొప్ప కళాఖండాల ముందు 150 మందిని వాళ్లకు తెలియకుండా గమనించి, 2001లో లెక్క ప్రచురించారు. ఒక్కో దాని ముందు సగటున నిలబడింది 27.2 సెకన్లు. ఆ చూపుల్లో సగం 17 సెకన్లలోపే ముగిశాయి.

వింటూంటే నాకూ కోపమొచ్చింది. ఫోన్లొచ్చి చూపు చచ్చిపోయిందని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు మొత్తుకున్నానో మీకు తెలుసు. కానీ ఆ లెక్క తీసేనాటికి జేబుల్లో స్మార్ట్‌ఫోన్లు లేవు. 2017లో షికాగోలో మళ్లీ కొలిస్తే సగటు 28.63 సెకన్లు. తగ్గనే లేదు!

మా మేనత్తను ఒకసారి సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లాను. జనమంతా గంట కొట్టే గడియారం ముందు చేరితే, ఆవిడ ముసుగు రెబెక్కా దగ్గర ఆగిపోయింది. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్న బెంజోనీ శిల్పమది. అత్తయ్యకు బెంజోనీ ఎవరో, ఆ బైబిలు కథేమిటో తెలీదు. "ఒరేయ్, రాతిబొమ్మ మీద తడిగుడ్డ కప్పారా, ఆ గుడ్డ కూడా రాయేనా?" అంది. ఇక ఆ సంగతి తేల్చుకోందే కదల్లేదు. పక్కకెళ్లి ముసుగు అంచు చూసింది. మళ్లీ ఎదురుగా వచ్చి, బుగ్గ ఎక్కడ మొదలవుతుందో వెతికింది. అక్కడి పలక మీద రాసిందేదీ ఆవిణ్ని నిలబెట్టలేదు.

సోవియట్ శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ యార్బస్, చూపును నడిపేది ప్రశ్నేనన్న సంగతిని కంటిపాప కదలికల్లో పట్టుకున్నాడు. ప్రవాసం నుంచి ఉన్నట్టుండి ఇల్లు చేరిన మనిషిని చిత్రకారుడు రేపిన్ గీశాడే, ఆ చిత్రాన్ని ఒకే మనిషికి పదేపదే చూపించి, ప్రశ్న మార్చాడు. ఇంట్లోవాళ్ల వయసులెంతని అడిగితే చూపు ముఖాల మీద తిరిగింది. కలిగినవాళ్లా అని అడిగితే బట్టల మీదకీ సామాన్ల మీదకీ పోయింది.

కాబట్టి వక్తగారి కోపంతో నాకిక పొత్తు కుదరదు. మనసులో ప్రశ్న లేనివాణ్ని గంటసేపు నిలబెట్టినా చూసేదేముంది? పలకలు పెద్దవి పెట్టండి, తెలుగులో పెట్టండి అని ఏళ్లుగా పోరుతున్నాను. తెలుగు సంగతి వదులుకోను. పెద్దవి మాత్రం అక్కర్లేదు. సంవత్సరం, పాలరాయి, కొన్న వివరం అడుగున చిన్నక్షరాల్లో ఉండనీయండి. పైన ఒక్క ప్రశ్న రాయండి: ముసుగు చాటున ఈ పిల్ల ఎటు చూస్తోంది?