సంభాషణయంత్రము - ఆప్తత్వవిచారము

2022వ సంవత్సరము నవంబరు 30వ తేదీని చాట్ జీపీటీ వెలువడినది మొదలు, అడిగినంతనే బదులు చెప్పు కృత్రిమమేధాయంత్రములు విద్యార్థులకు సులభములైనవి. నరసరావుపేటలోఁగాని గురజాలలోఁగాని పల్నాటి వీరచరిత్రమునుగూర్చి వ్యాసము వ్రాయఁబూనిన బాలుఁడు ముందుగా దీనినే యడుగుట సహజము. ఈ యంత్రవాక్యము శబ్దప్రమాణ మగునా కాదా యనునది మనము విచారింపవలసిన విషయము.

గుణములను ముందు చెప్పుట న్యాయము. ఆంగ్లగ్రంథభాగమును సంగ్రహించి తెలుఁగునఁ జెప్పుట, మనము వ్రాసినదానిలోని పునరుక్తులను జూపుట, తెలియని శాస్త్రమునకుఁ బ్రవేశము కల్పించుట దీనికి సుకరములు. పదిమార్లడిగినను విసుగుకొనదు. పెద్ద గ్రంథాలయమునకు దూరముగా మాచర్లప్రాంతమున నున్న యుపాధ్యాయునకు ఇది స్వల్పోపకారము కాదు.

ఇఁక స్వభావము. అపారమైన వ్రాఁతలనుండి యే పదము వెనుక నే పదము వచ్చునో యభ్యసించి, సంభావ్యమైన పదమును వరుసగాఁ గూర్చుట దీని పని. శాబ్దబోధమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావలయునని మన శాస్త్రము. "నిప్పుతోఁ దడుపుచున్నాఁడు" అనుచోట యోగ్యత లేదు. యంత్రవాక్యమున నీ మూఁడును సాధారణముగా నుండును. "పల్నాటి వీరచరిత్రము సీసపద్యకావ్యము" అని యది చెప్పెననుకొందము. వాక్యము నిర్దుష్టము, అర్థము కుదురును, కాని యసత్యము. ఆ కృతి మంజరీద్విపద. యోగ్యత యర్థసంభవమునే తెలుపును గాని యర్థసత్యమును దెలుపదు. సత్యమునకు ఆప్తుఁడు కావలెను. ఎఱిఁగినదానికిని ఊహించినదానికిని స్వరభేదము లేక పలుకు యంత్రము ఆప్తుఁడెట్లగును?

2023వ సంవత్సరమున న్యూయార్కు నగరమున న్యాయవాదులు యంత్రము కల్పించిన లేని తీర్పులను న్యాయస్థానమునఁ జూపి 5,000 డాలర్ల జరిమానాకుఁ బాత్రులైరి. అవి నిజములేనా యని యంత్రమునే యడుగఁగా, నిజములే యని బదులు వచ్చెను. ఒక సాక్షిని రెండుమాఱులడిగినంతమాత్రమున నిద్దఱు సాక్షులు కారు.

పల్నాటి విషయమున నీ చిక్కు మఱింత పెద్దది. శ్రీనాథకర్తృత్వమునుగూర్చి పండితులలో వివాదము కలదు. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ముద్రించిన పాఠము వేఱు. వీరవిద్యావంతులు పాడు కథ వేఱు. పాటలో నెంతయో వ్రాఁతకెక్కలేదు. యంత్రము చదివిన తెలుఁగు ఆంగ్లముకంటె మిక్కిలి తక్కువ. చదువనిచోట నూహ చొచ్చును. వివాదమున్నచోట నేకవాక్యము వినవచ్చును.

అంతర్జాలమును వెదకి మూలములను జూపు యంత్రములును నేఁడు కలవు. ఇది మేలే. కాని చూపిన మూలమును దెఱచి చూడనివానికి ఫలమేమి? అట్టివాని వ్యాసము ముద్రణకెక్కును. దానినే రేపటి యంత్రము చదువును. ఆ తప్పే మరల మనకుఁ బ్రమాణమై వచ్చును. ఇది చక్రకదోషము.

కాఁబట్టి యంత్రవాక్యమును బూర్వపక్షముగా గ్రహింపవచ్చును, సిద్ధాంతముగాఁ గూడదు. కర్తృనామము, కాలము, పద్యపాదము - ఈ మూఁటిని మూలగ్రంథపుటను జూడక యే పాఠశాలలోను అంగీకరింపరాదు. మఱియొక కర్తవ్యము మనదే. కారెంపూడి వీరులగుడికడ వినఁబడు గానమును పాఠభేదములతో వ్రాసి ప్రకటింపవలయును. మనము వ్రాయనిదానిని యంత్రము చదువఁజాలదు. మనము తప్పుగా వ్రాసినదానిని విడువఁజాలదు.