హోట్గి రోడ్‌కు వేమన కావాలి

మహారాష్ట్రలోని సోలాపూర్ హోట్గి రోడ్‌లో సాంచాల (మరమగ్గాల) మధ్య పెరిగే పద్మశాలి పిల్లవాడికి బడి మరాఠీ, ఇంటి మాట తెలుగు. తాతముత్తాతలు తెలంగాణ పల్లెల నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లు. చాదర్లకూ తువ్వాళ్లకూ ఊరి పేరు నిలబెట్టిన చేతులవి. ఆ పిల్లవాడికి తెలుగు అక్షరాలు రాకపోవచ్చు. అయినా ఒక్క తెలుగు కవిని ఇచ్చి తీరాలంటే ఎవరిని ఇస్తాం? నా ఓటు వేమనకే.

ఎందుకంటే ఆయన పద్యం చెవికోసం పుట్టింది. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలకు అయిదూ సూర్యగణాలే. ప్రాస నియమం లేదు. నాలుగో గణం మొదట యతి గానీ ప్రాసయతి గానీ పడితే చాలు. ఆ యతే మాటను జ్ఞాపకానికి కట్టేసే ముడి. ఈ కాస్త జాగాలో వేమన చేసే పని చూడండి! మాట చెప్తాడు, ఉప్పో, కంచో, ఇనుమో తెచ్చి దాన్ని రుజువు చేస్తాడు, నాలుగో పాదంలో మకుటంతో తలుపు మూసేస్తాడు. వాదించడానికి మనకు సందే మిగలదు. ఇంత పొదుపు మన మహాకావ్యాల్లో ఎక్కడుంది? ఆయన్ని కవే కాదన్న పండితులు ఇలాంటి పద్యం నాలుగు రాసి చూపాల్సింది!

ఆయన కాలం గురించి తలో మాటా చెప్తారు. దాన్ని చరిత్రకారులకు వదిలేద్దాం. 1829లో బ్రౌన్ దొర 693 పద్యాలను ఇంగ్లిష్ అనువాదంతో అచ్చువేశాడు, 1839 నాటికి వాటిని 1164 చేశాడు. తర్వాత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నార్ల, ఎన్.గోపి తమ రచనలతో వేమన వెలుగును నిలబెట్టారు.

పరాయి భాషవాళ్లూ ఆయన్ని వదల్లేదు. హోట్గి జంక్షన్‌లో రైలుదారి విజయపురకూ కలబురగికీ చీలుతుంది. ఆ కన్నడ సీమలో సర్వజ్ఞ కవి త్రిపదుల పక్కన వేమనకూ పీట వేశారు. జనవరి 19న కర్ణాటక ప్రభుత్వమే ఆయన జయంతి జరుపుతుంది. బెంగళూరులో ఆయన పేరిట ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. జర్మన్‌లో రాసిన హెర్మన్ హెస్సే 'డెమియన్' నవలను కొరియా కుర్రకారు సొంతం చేసుకున్నట్టే ఇదీ. కవి ఎవరి భాషవాడన్నది పాఠకుడికి పట్టదు, తన మాట చెప్పాడా లేదా అన్నదే చూస్తాడు.

మన దగ్గర జరుగుతున్నదేమిటి? గణం లేదు, యతి లేదు, నాలుగు ముక్కలు అతికించి చివర మకుటం తగిలించి వాట్సాప్‌లో వేమన అంటున్నారు. చవక పుస్తకాల్లో పాదాలు విరిగిపోతున్నాయి. కులాన్ని అంతగా ఎద్దేవా చేసినవాణ్ణి కులసంఘాల ఫ్లెక్సీలకు ఎక్కించారు. నకిలీ చాదర్‌కు సోలాపూర్ ముద్ర వేస్తే నేతగాడు ఊరుకుంటాడా? మరి నకిలీ పద్యానికి వేమన ముద్ర వేస్తే మనం ఎందుకు ఊరుకోవాలి?

సోలాపూర్ తెలుగు సంఘాల పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మార్కండేయుడి రథోత్సవానికి ఊరంతా కదిలే రోజున పిల్లలచేత వేమన పద్యాలు చెప్పించండి. లిపి రాకపోతే దేవనాగరిలో రాసివ్వండి. తప్పు లేదు. కానీ యతి తప్పనివ్వకండి.