గాజు గ్లాసులో నీళ్లు

గాజు గ్లాసు, అందులో సగానికి నీళ్లు, పక్కన కిటికీ. వెలుగు కిరణాల దారిని లెక్కగట్టి కంప్యూటర్‌లో బొమ్మ తీసే రే ట్రేసింగ్‌లో దీన్ని చేయాలంటే ఎక్కడా రంగు పులమక్కర్లేదు. గ్లాసు ఎత్తెంత, గాజు మందమెంత, వెలుగు ఎటునుంచి పడుతోంది, కెమెరా ఎక్కడుంది, ఇవన్నీ పావ్-రే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు రాసిస్తే చాలు. గాజు వక్రీభవన గుణకం 1.5, నీటిది 1.33. వెలుగు ఎంత వంగుతుందో చెప్పే, ఇంటర్‌లో పరీక్ష కోసం బట్టీపట్టిన స్నెల్ నియమం ఇక్కడ కళ్లెదుట పనిచేస్తుంది.

వెలుగు దీపం నుంచి కంటికి వస్తుంది. మనం ఎదురు నడుస్తాం. దీపం వదిలే కిరణాల్లో కంటిదాకా చేరేవి బహు తక్కువ కదా, అందుకని కంటి నుంచే ఒక్కో పిక్సెల్ గుండా కిరణాన్ని పంపి, అది దేనికి తగిలిందో, అక్కణ్నుంచి దీపం కనబడుతోందో లేదో చూస్తాం. అడ్డుంటే నీడ. గాజు తగిలితే ఒక కిరణం తుళ్లిపోతుంది, మరొకటి వంగి లోపలికి పోతుంది. అద్దాలకూ గాజుకూ ఈ పద్ధతిని 1980లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన టర్నర్ విటెడ్ ప్రచురించారు. గళ్ల నేల మీద గోళాలున్న ఆయన బొమ్మకు అప్పటి వ్యాక్స్ కంప్యూటర్ 74 నిమిషాలు తీసుకుంది.

అసలు చిక్కంతా నీళ్లతోనే. గాజు లోపలి అంచూ నీటి అంచూ సరిగ్గా ఒకేచోట ఉంటే, ముందు ఏది తగిలిందో లెక్కకు తేలక బొమ్మంతా చుక్కలు పడతాయి. సందు వదిలితే మధ్యలో గాలిపొర చేరి, నీళ్లు పాదరసంలా మెరుస్తాయి. నీటిని గాజులోకి వెంట్రుకవాసి చొప్పించాలి. అప్పటికీ ప్లాస్టిక్‌లా కనిపించింది. వంటింట్లో గ్లాసు వెలుగుకు పట్టి చూస్తే తెలిసింది: నీళ్లు గాజును ఆనుకున్నచోట కొంచెం పైకి పాకుతాయి, ఆ వంపులో సన్నని మెరుపుగీత ఉంటుంది. ఆ వంపు చేర్చాక నీళ్లు నీళ్లయ్యాయి.

ఈ కష్టమేదీ లేకుండా ఒక్క వాక్యం చెబితే క్షణాల్లో గ్లాసు బొమ్మ ఇచ్చే ఏఐ వచ్చింది. మెరుపు అక్కడే ఎందుకు పడిందని దాన్నడిగి ప్రయోజనం లేదు. రే ట్రేసింగ్‌లో ప్రతి మెరుపుకూ కారణం ఉంది, వేలుపెట్టి చూపించగలను. నన్ను ఈ పనికి కట్టిపడేసింది అదే.

ఇక గ్లాసు కింద బల్లమీద పడే వెలుగుమచ్చ మిగిలింది. కంటి నుంచి ఎదురు నడిచే కిరణాలకు అది చిక్కదు. దానికోసం దీపం నుంచే ఫోటాన్లను, అంటే వెలుగు కణాలను, వదిలి, గాజు దాటి అవి ఎక్కడ పోగుపడతాయో ముందే నమోదు చేసుకోవాలి. ఈ వారం ఆ పనిలోనే ఉన్నాను.