సెన్సారు మిగిల్చిన ఉత్తరం: మొదటి ప్రపంచయుద్ధంలో రైతు సైనికుల లేఖలు

లేఖ కూడా ఒక సాహిత్య ప్రక్రియ అని మీకు తెలుసు. ఇంతవరకు మీరు చదివిన లేఖాసాహిత్యంలో ఎక్కువ భాగం చదువుకున్నవారు స్వహస్తంతో రాసినదే. మరి అక్షరం రాని రైతు యుద్ధరంగం నుంచి ఇంటికి పంపిన ఉత్తరాన్ని ఎలా చదవాలి? దానికి కర్త ఎవరు? ఈ ప్రశ్నలను ఇక్కడ పరిశీలిద్దాం.

నేపథ్యం

1914 సెప్టెంబరు చివర భారత సైన్యం ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో దిగింది. యుద్ధం ముగిసేలోగా లక్షమందికి పైగా భారతీయులు ఆ దేశానికి వెళ్ళారు. కొన్ని జాతులే యుద్ధానికి తగినవని బ్రిటిష్ పాలకులు నమ్మినందువల్ల, సైనికుల్లో పంజాబు, దాని పరిసర ప్రాంతాల రైతు కుటుంబాలవారే అధికం. దేశద్రోహ రచనలు వీరికి చేరకుండా చూడడానికి మొదలైన సెన్సారు, త్వరలోనే వీరు ఇంటికి రాసే ఉత్తరాలకూ విస్తరించింది. బొలోన్ పట్టణంలో కెప్టెన్ హోవెల్ ఈ పనికి అధికారి. 1915 మార్చి నాటికి సైనికులు వారానికి 10 వేల నుంచి 20 వేల ఉత్తరాలు రాసేవారు. సెన్సారు సిబ్బంది వాటిలో కొన్నింటిని ఎంచి, ఇంగ్లీషులోకి మార్చి, నివేదికలకు జతచేసేవారు. మూల ఉత్తరాలు చాలావరకు మనకు మిగలలేదు. ఆ నివేదికలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటినుంచి డేవిడ్ ఒమిస్సీ 1999లో ఒక సంకలనం వెలువరించారు.

ఒక ఉత్తరం, ఎన్నో చేతులు

ఒక్కో ఉత్తరం వెనుక ఎంతమంది ఉన్నారో గమనించండి. సైనికుడు చెబుతాడు, చదువు వచ్చిన తోటివాడు రాస్తాడు, అనువాదకుడు భాష మారుస్తాడు, సెన్సారు అధికారి ఏది ఉంచాలో నిర్ణయిస్తాడు. ఊళ్ళో కూడా చదివేవాడు వేరు, వినేవారు వేరు. భార్యకు చెప్పదలచిన మాటను సైనికుడు ఇద్దరు పరాయివాళ్ళ ఎదుట చెప్పాలి. కాబట్టి ఇందులో రైతు హృదయం అద్దంలోలా కనిపిస్తుందనుకోవడం తొందరపాటు.

అలాగని ఇవి మూసలో పోసిన మాటలని కొట్టిపారేయడమూ సరికాదు. 'ఇక్కడ క్షేమం, అక్కడ మీ క్షేమం తెలుపగలరు' అనే వాక్యం మన ఉత్తరాల్లోనూ ఉంది. శాంతికాలంలో అది మర్యాద. యుద్ధకాలంలో అదే అసలు వార్త: మనిషి బతికి ఉన్నాడు. అయితే ప్రభుత్వానికి పనికివచ్చే భాగాలనే ఎంచుకున్న సెన్సారుకు ఇటువంటి పలకరింపులతో పని లేదు. అందువల్ల సంకలనంలో అసంతృప్తి, మతం, ఆహారం, ఫ్రెంచి స్త్రీల ప్రస్తావన ఎక్కువగా కనబడితే, అది సైనికుడి మనసు ఎంతో సెన్సారు ఎంపిక కూడా అంతే.

పొలం మాటలు

ఈ లేఖల్లో పంటలు, పశువులు, అప్పులు, భూమి తగాదాలు తరచుగా వస్తాయి. యుద్ధచరిత్ర కోసం చదివేవారు వీటిని చిల్లర విషయాలుగా దాటవేస్తారు. నా దృష్టిలో లేఖకు ప్రాణం ఇక్కడే ఉంది. ఊరికి దూరమైన రైతు ఆ ఉత్తరం ద్వారానే ఇంటి యజమానిగా నిలబడుతున్నాడు. ఓడలో వారాల తరబడి సాగిన సలహా చేరేసరికి విత్తనాల అదను దాటిపోయి ఉండవచ్చు. అయినా చెబుతాడు. ఆ సలహాకు వ్యవసాయపరంగా విలువ లేకపోయినా, ఇంట్లో తన స్థానం ఖాళీ కాలేదని అది చాటుతుంది. ఫ్రెంచి పల్లెల్లో స్త్రీల పనితనాన్ని, చదువును చూసి, మన ఆడపిల్లల్నీ చదివించాలని రాసినవారూ ఉన్నారు. అంటే ఉత్తరం పాత సంబంధాన్ని నిలపడమే కాక కొత్త ఆలోచననూ మోసుకెళ్ళింది.

ఈ సెన్సారు సంగతి సైనికులకు తెలుసు. అందుకే కొందరు సంకేతాలు వాడారు. నల్ల మిరియాలంటే భారతీయ సైనికులు, ఎర్ర మిరపకాయలంటే బ్రిటిష్ సైనికులు. నల్ల సరుకు అయిపోతోందని రాస్తే, ముందుగా చనిపోతున్నది ఎవరో ఇంటివారికి అర్థమవుతుంది. అంగడి సరుకుల మాటలే ఇక్కడ రాజకీయ విమర్శ అయ్యాయి. అధికారులు దీన్ని పసిగట్టారు కనుకనే ఈనాడు మనకు తెలిసింది.

ముగింపు

జానపద గేయాన్ని పాడినవారు ఒకరు, రాసుకున్నవారు మరొకరు. అయినా దాన్ని జానపదుల సాహిత్యమనే అంటాం. అదే న్యాయం ఈ లేఖలకూ వర్తించాలి. ఒక తేడా మాత్రం మరువరాదు: గేయాన్ని సేకరించినవాడు అభిమానంతో సేకరించాడు, ఈ లేఖలను భద్రపరచినవాడు అనుమానంతో భద్రపరిచాడు. ఆ అనుమానాన్ని లెక్కలోకి తీసుకుని చదివినప్పుడే రైతు గొంతు కొంతైనా వినిపిస్తుంది.

ఆలోచించండి: మీ ఇంట్లో పాత ఉత్తరం ఏదైనా ఉంటే తీసి చదవండి. అందులో మూసగా కనిపించే వాక్యాలు ఏ పని చేస్తున్నాయో పది పంక్తుల్లో రాయండి.