పగడానికి ఎంత వెలుగు కావాలి?

గోదావరి, కృష్ణ నదులు మోసుకొచ్చే ఒండ్రే డెల్టా రైతుకు పంట పండించింది. అదే ఒండ్రు ఆంధ్ర తీరానికి ఒక సంపదను దూరం చేసింది. మన్నార్ సింధుశాఖలో, అండమాన్‌లో, లక్షద్వీప్‌లో, కచ్ సింధుశాఖలో కనిపించే పెద్ద పగడపు దిబ్బలు మన తీరం పొడవునా లేవు. వరద నెలల్లో నదుల మంచినీరు కలిసి ఉప్పదనం పడిపోవడం ఒక కారణం. బురద నీళ్లలోంచి ఎండ అడుగుదాకా దిగకపోవడం ఇంకో కారణం. దిబ్బలు కట్టే పగడాలకు ఎండ లేకపోతే బతుకు లేదు.

చూడటానికి మొక్కలా ఉన్నా పగడం జంతువే. దాని కణాల్లో జూగ్జాంథెల్లే అనే ఏకకణ జీవులు కాపురముంటాయి. అవి వెలుగుతో చక్కెర తయారుచేసి, అందులో ఎక్కువ భాగం తమకు చోటిచ్చిన పగడానికే ఇచ్చేస్తాయి. పగడం వదిలే కార్బన్ డయాక్సైడు, నత్రజని వ్యర్థాలు వాటికి ఎరువు. హైదరాబాద్ పత్తర్‌గట్టీ దుకాణాల్లో జనం ఉంగరానికి కొనుక్కునే ఎర్ర పగడం మాత్రం వేరే కోవలోది. మధ్యధరా సముద్రంలో గుహల గోడలకు, మసక చీకట్లో పెరిగే కొరాలియం అది. దాని ఒంట్లో జూగ్జాంథెల్లే ఉండవు, ఎండతో దానికి పనీ లేదు.

సముద్రానికి ఎంతో దూరాన, కాచిగూడలోనో తార్నాకలోనో ఒక ఫ్లాట్‌లో మూడడుగుల ఉప్పునీటి తొట్టె పెట్టి అందులో ఎండతో బతికే పగడాలను పెంచాలనుకునే వారికి మొదట ఎదురయ్యే ప్రశ్న అందుకే లైటు గురించి ఉంటుంది. ఏ కంపెనీది, ఎన్ని వాట్లది, ఎంత నీలం? విదేశాల్లో పగడాలు పెంచేవారు పెట్టే వీడియోలు చూస్తే ఒక్కో లైటు ధర మోటార్ సైకిల్ ధరతో పోటీ పడుతుంది. అయితే హైదరాబాద్‌లో ఉన్నవారు లైటు ధర అడిగే ముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. దాన్ని తేల్చుకుంటే లైటు ఖర్చు కూడా చాలావరకు తేలిపోతుంది.

అది చట్టం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. పగడాలను 2001లో దాని మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, నిప్పు పగడాలు, ఆర్గాన్ పైప్ పగడం, విసనకర్రల్లా పెరిగే సీ ఫ్యాన్లు అందులో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే అది. ఉల్లంఘిస్తే మూడు నుంచి ఏడేళ్ల జైలు. రాతి పగడాల విషయంలో జాబితా ఒకటీ రెండూ పేర్లు చెప్పి ఊరుకోలేదు, ఆ వర్గాన్నంతా కలుపుకుంది. వీడియోల్లో ఊదా, గులాబీ కొమ్మలతో కళ్లు చెదరగొట్టే ఆక్రొపోరా, మాంటిపోరా అందులోనివే. కాబట్టి మన దేశంలో వాటిని ఇంటి తొట్టెలో పెట్టుకోవడానికి వీల్లేదు.

ఇక మిగిలేవి రాతి అస్థిపంజరం లేని మెత్తని జీవులు: పుట్టగొడుగుల్లా పరుచుకునే డిస్కోసోమా, గుత్తులుగా పూసే జోయాంథిడ్లు, తోలు పగడాలు. ఇవి ఆ షెడ్యూల్‌లో లేవు. అయినా కొనే ముందు అటవీశాఖను అడిగి, అమ్మినవారి నుంచి బిల్లు తీసుకోవడం మంచిది. జోయాంథిడ్లలో కొన్నింటికి పాలీటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది గనుక చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు లేకుండా వాటిని ముట్టుకోకూడదు. చేపల సంగతికొస్తే, క్లౌన్ ఫిష్‌ను హేచరీలో పుట్టించి పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎప్పుడో సాధించారు. హేచరీ పిల్లలనే అడిగి తెచ్చుకుంటే సముద్రం నుంచి పట్టి తేవలసిన అవసరం ఉండదు.

ఇప్పుడు లైటు లెక్క చూడండి. మొక్కల శాస్త్రజ్ఞులు కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుగును పార్ అంటారు. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుగు కణాలు ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోళ్లు పడుతున్నాయన్నది ఆ లెక్క. నడినెత్తిన ఎండ కాసేటప్పుడు అది 2000 దగ్గర ఉంటుంది. కొమ్మల రాతి పగడాలకు అక్వేరియంలో 200 నుంచి 350 దాకా ఇస్తారు. డిస్కోసోమాకు 50 చాలు, జోయాంథిడ్లకూ తోలు పగడాలకూ 100, 150 మధ్య హాయిగా సరిపోతుంది. అంటే చట్టం అనుమతించే తొట్టెకు కావలసిన వెలుగు ఆ వీడియోల్లోని తొట్టెల వెలుగులో సగమో, అంతకన్నా తక్కువో. అంత శక్తి ఉన్న లైటును ఇక్కడ కొంటే డబ్బు దండగ కావడమే కాదు, జీవికి హాని కూడా. వెలుగు మరీ ఎక్కువైతే జూగ్జాంథెల్లే దెబ్బతింటాయి, పగడం వాటిని బయటికి నెట్టేసి పాలిపోతుంది. వేడెక్కిన సముద్రంలో జరిగే బ్లీచింగ్ ఇంట్లోనే, లైటు కిందే జరుగుతుందన్నమాట.

దుకాణంలో ఈ పార్ లెక్క ఎవరూ చెప్పరు. వాట్లు చెబుతారు. అట్టపెట్టె మీద 165 వాట్లు అని ఉంటుంది. మూడు వాట్ల బల్బులు 55 ఉన్నాయి కాబట్టి గుణించి వేసిన అంకె అది. ప్లగ్గుకు వాట్ మీటర్ పెట్టి చూస్తే లైటు లాగే కరెంటు చాలా తక్కువ ఉంటుంది. ఆ కరెంటులోనూ ఎంత వెలుగుగా మారుతుంది, ఆ వెలుగు లెన్సులోంచి ఎంత విస్తీర్ణంలో పరుచుకుంటుంది, ఎంత లోతుకు దిగుతుంది అన్నవి వాట్లు చెప్పలేవు. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్‌లు ఇంకా మోసం. లక్స్ మన కంటి కోసం పుట్టిన కొలత. కంటికి 555 నానోమీటర్ల ఆకుపచ్చ బాగా కనిపిస్తుంది. 450 దగ్గరి నీలాన్ని లక్స్ లెక్కలో నూటికి నాలుగు వంతులే లెక్కేస్తారు. పగడానికి కావలసింది సరిగ్గా ఆ నీలమే. దుకాణం లైట్లలో చీర రంగు చూసి మురిసిపోయి కొన్నట్టుంటుంది కంటితో పగడాల లైటును ఎంచుకోవడం.

కొలిచి చూడటం ఎలాగో ఈ అభిరుచి ఉన్నవారికి నేర్పినవారిలో సంజయ్ జోషి ఒకరు. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఆయన. మెటల్ హాలైడ్ దీపాల కాలం నుంచే ఒక్కో బల్బును ఒక్కో బల్లాస్ట్‌తో వెలిగించి స్పెక్ట్రమ్, పార్ కొలిచి ప్రకటించారు. అంతకుముందు కంపెనీ మాటే లెక్క. ఆయన చేసిన పని చిన్నదిగా కనిపించవచ్చు గానీ, ఈ కాలమ్ దృష్టిలో పగడాల పెంపకంలో అంతకన్నా విలువైన దానం లేదు.

నీలం అంత ముఖ్యం ఎందుకయింది? సముద్రపు నీరు ఎరుపును మొదటి కొన్ని మీటర్లలోనే మింగేస్తుంది. లోతుకు దిగేది నీలం. కోట్ల ఏళ్లుగా ఆ వెలుగులో బతికిన జూగ్జాంథెల్లేలో పత్రహరితంతో పాటు పెరిడినిన్ అనే వర్ణకం కూడా ఉండి, నీలాన్నీ నీలాకుపచ్చనూ పట్టుకుంటుంది. ఎర్ర ఎల్‌ఈడీలు ఎక్కువున్న లైటు మొక్కల తొట్టెకు బాగుంటుంది; పగడానికి అంతగా పడదు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో స్టైలోఫోరా అనే రాతి పగడానికి ఎర్ర వెలుగు మేలు చేయకపోగా దాని కిరణజన్య సామర్థ్యాన్ని అణచివేసిందని తేలింది.

ఒకప్పుడు ఇంత నీలం తెప్పించడానికి 250, 400 వాట్ల మెటల్ హాలైడ్ దీపాలు కాల్చేవారు. ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని జపాన్‌లోని నిచియా కంపెనీలో షుజీ నకమురా 1993లో తయారుచేశారు. ఇసాము అకసాకి, హిరోషి అమానో, నకమురా ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఇంట్లో పైకప్పుకున్న తెల్ల ఎల్‌ఈడీ బల్బులో కూడా ఉండేది నీలి చిప్పే. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత వేసి తెలుపు చేస్తారు. నీలి చిప్‌ను పూత లేకుండా, విడి స్విచ్చుతో వాడుకోవచ్చని తెలిశాక పగడాల తొట్టె రూపమే మారిపోయింది.

ఆ నీలం కింద డిస్కోసోమా ఎర్రగా మెరుస్తుంది. ఆ మెరుపు వెనక ఒక శాస్త్ర కథ ఉంది. 1999లో రష్యా పరిశోధకులు వెలుగు చిమ్మని పగడాల్లోనూ ప్రతిదీప్తి ప్రొటీన్లు ఉన్నాయని చూపించారు. అందులో ఎర్రటిది డీఎస్‌రెడ్. దాని పేరులోని డీఎస్ డిస్కోసోమాయే. మాస్కోలో అక్వేరియంలో పెంచిన పగడాల నుంచే వాళ్లు ఆ జన్యువులు తీశారు. డీఎస్‌రెడ్‌కు మార్పులు చేసి పుట్టించిన ఎర్ర ప్రొటీన్లను ఇవాళ కణాల్లో ఏది ఎక్కడుందో చూడటానికి జీవశాస్త్రజ్ఞులు ప్రపంచమంతటా వాడుతున్నారు. తార్నాక పక్కనే హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ ఉంది. ఆ రోడ్డున వెళ్లే విద్యార్థులు తమ గదిలోని పుట్టగొడుగు పగడాన్ని ఈసారి ఇంకాస్త గౌరవంగా చూడాలి.

మే నెల గురించి చెప్పకుండా హైదరాబాద్‌లో లైటు ఎంపిక గురించి మాట్లాడలేం. తొట్టె నీరు 24, 27 డిగ్రీల మధ్య ఉండాలి, బయట 40 దాటుతుంది. 250 వాట్ల మెటల్ హాలైడ్ రోజుకు ఎనిమిది గంటలు వెలిగితే రెండు యూనిట్లు, ఏడాదికి 730 యూనిట్లు. 90 వాట్ల ఎల్‌ఈడీకి అదే లెక్కన 263. బిల్లు ఒక్కటే కాదు, మెటల్ హాలైడ్ పరారుణ వేడిని నేరుగా నీటి మీద కుమ్మరిస్తుంది. ఎల్‌ఈడీ వేడి వెనకనున్న అల్యూమినియం రెక్కల్లోంచి గదిలోకి పోతుంది. అందుకే ఎల్‌ఈడీకి మూత బిగించకూడదు, పైన గాలి ఆడాలి. మన ఎండాకాలపు పొడిగాలికి ఒక మేలుంది. కూలర్ గదిని చల్లబరిచే సూత్రంతోనే, నీటి పైభాగం మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అయితే ఆవిరైపోయేది నీరే, ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది. కాబట్టి రోజూ ఆర్వో నీటితో నింపాలి, ఉప్పునీటితో కాదు. వానాకాలంలో గాలి తేమెక్కాక ఈ ఉపాయం పనిచేయదు, అప్పుడు నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమే గతి. కరెంటు పోతే ఇన్వర్టర్‌ను లైటుకు కాక పంపుకు పెట్టాలి. ఒక రోజు చీకటిని పగడం తట్టుకుంటుంది, కొన్ని గంటలు నీరు కదలకపోతే చేపలకు ఊపిరాడదు.

లైటు బిగించాక తొందర పనికిరాదు. మొదటి రోజు సగం కన్నా తక్కువ వెలుగుతో మొదలుపెట్టి వారాల తరబడి మెల్లగా పెంచాలి. ఒక చోట 150 పార్ పడుతూ రోజుకు పది గంటలు లైటు వెలిగితే, 36,000 సెకన్లకు లెక్కిస్తే రోజుకు 5.4 మోళ్ల వెలుగు అందినట్టు. మెత్తని పగడాలకు అది పుష్కలం. పగడం ముదురు గోధుమ రంగుకు తిరిగితే వెలుగు చాలడం లేదనో, నీటిలో పోషకాలు పెరిగాయనో అర్థం. పాలిపోతుంటే ఎక్కువైంది. ఉప్పు తుంపరలు ఎండి లెన్సు మీద తెల్లటి పొర కడతాయి, దానికి మన దుమ్ము తోడవుతుంది. లైటు పాతబడిందని కొత్తది కొనే ముందు తడిబట్టతో ఆ లెన్సు తుడిచి చూడండి.

ఎల్‌ఈడీతో ఏం సాధించవచ్చో లండన్ హార్నిమన్ మ్యూజియం చూపించింది. అక్కడ జేమీ క్రాగ్స్ బృందం సముద్రంలోని రుతువుల లెక్కనే ఉష్ణోగ్రతను, పగటి నిడివిని, వెన్నెలను తొట్టెలో పునఃసృష్టించి రాతి పగడాలను గుడ్లు పెట్టించింది. ఆ పద్ధతిని 2017లో ప్రకటించారు. 2019లో ఆ మ్యూజియం సహకారంతో ఫ్లోరిడా అక్వేరియంలో అట్లాంటిక్ స్తంభ పగడం ప్రయోగశాలలో మొదటిసారి గుడ్లు పెట్టింది. మన దేశంలోనూ అలాంటి పని అనుమతులున్న సంస్థల్లో జరగాలి. ఇంటి తొట్టెకు వెన్నెల లైటు అలంకారమే, దానికి ప్రత్యేకంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

రాతి పగడాలను సముద్రానికి వదిలేయవలసిన కాలం ఇది. 2024 ఏప్రిల్‌లో నాలుగో ప్రపంచవ్యాప్త బ్లీచింగ్‌ను అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా ప్రకటించింది. లక్షద్వీప్‌లో పగడాలు విస్తారంగా తెల్లబడటాన్ని అదే ఏడాది మన శాస్త్రవేత్తలు కళ్లారా చూశారు. ఆ దిబ్బల నుంచి ఒక్క కొమ్మ విరిచినా నష్టమే.

నగరంలో ఉప్పునీటి తొట్టెలు పెట్టుకున్నవారికి ఈ కాలమ్ మనవి: తలా కొంత వేసుకుని నీటిలో ముంచి కొలిచే పార్ మీటర్ ఒకటి కొనండి, ఇంటింటికీ తిప్పండి. లైటు అమ్మేవారిని స్పెక్ట్రమ్ పటం, పార్ పటం అడగండి, లేదంటే వేరే దుకాణం చూడండి. రాతి పగడం ఎవరు చూపించినా, ఎంత చవగ్గా ఇస్తామన్నా కొనకండి, అటవీశాఖకు చెప్పండి.