నురగతో పట్టే లీకు

అపార్ట్‌మెంట్‌లో గ్యాస్ వాసన వస్తోందని కబురందితే, మెకానిక్ పానా తీయకముందే మెయిన్ వాల్వ్ కట్టేయిస్తాడు, కిటికీలు తెరిపిస్తాడు. స్విచ్చుల జోలికి ఎవరినీ పోనివ్వడు.

సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది. పైపుల్లో వచ్చే సహజవాయువు తేలిక, పైకప్పు కింద చేరుతుంది. ఎక్కడ వెతకాలో ఆ తేడాయే చెబుతుంది. ఆ వాసన కూడా కలిపిందే. 1937లో టెక్సాస్‌లోని న్యూ లండన్ బడి గ్యాస్ లీకై పేలి దాదాపు 300 మంది పోయాక అక్కడ అలా వాసన కలపడం తప్పనిసరైంది.

అతుకుల మీద సబ్బునీళ్లు పూస్తాడు. బుడగ ఉబ్బిందా, దొంగ దొరికినట్టే. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లను మాత్రం గుమ్మం ఎక్కనివ్వకూడదు!

అసలు పనితనం మరమ్మతయ్యాకే. పైపులో గాలి నింపి, గేజ్ ముల్లు కదలకుండా నిలిచేదాకా కాచుక్కూర్చుంటాడు. ఇంటింటికీ తిరిగి స్టవ్ నాబ్‌లన్నీ చూశాకే గ్యాస్ వదులుతాడు. తాళం వేసిన ఫ్లాటుంటే దాని లైను మూసే ఉంచుతాడు.